గంప కింద ఆట

ప్రొద్దుటూరు,
నవంబరు, 1955.

సంతోషమ్మకు దేవపాలు వందనములు చెప్పి వ్రాయునది. ప్రభువు దయవల్ల ఈ ఇంట్లో నేనూ, బర్రె, దూడ బాగున్నాము. ఆ ఇంట్లో నువ్వూ, రూతమ్మా, అల్లుడు కృపానందమూ, పెద్ద పిల్లా, కొత్తగా వచ్చిన చిన్నవాడూ బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. చిన్నవాడు పాలు బాగా తాగుతున్నాడని రాశావు. ఆ మాట దగ్గర ఆగి మళ్ళీ చదివాను.

జవాబు రాయడం ఆలస్యమైంది. పనులున్నాయని రాద్దామనుకున్నాను. పనులేమీ లేవు. ఎందుకు ఆలస్యమైందో ముందు ముందు రాస్తాను. నాకు ఉత్తరం రాసే అలవాటు లేదని నీకు తెలుసు. కాలువ మీద నీళ్ళు చూసే లస్కరుగా ఉన్నప్పుడు ఓవర్సీరుకు 'నీళ్ళు వచ్చినవి', 'గట్టు తెగినది' అని రాసి పంపేవాణ్ణి. ఇది ఆ రకం ఉత్తరం కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

మిద్దె కారుతున్నదా అని అడిగావు. మొన్నటి వానకు వంటింటి మూల కారింది. చౌడు మట్టి పోయించి తొక్కించాను. ఇప్పుడు కారడం లేదు. బర్రె పాలిస్తున్నది. నువ్వు పోయిన కొత్తలో నన్ను దగ్గరికి రానివ్వలేదు. నీ పాత చీర భుజాన వేసుకుని పోతే ఊరుకున్నది. వీధిలో వాళ్ళు చూసి నవ్వారు. మోకాలు బాగానే ఉంది. ఆదివారం గుడిలో ఆడవాళ్ళు నిన్ను అడుగుతున్నారు. నేను తల ఊపి వస్తున్నాను.

ఏం తింటున్నావని అడిగావు. మొదట్లో బాషా ఇంటి నుంచి గిన్నె వచ్చేది. ఇప్పుడు నేనే సంగటి కెలుక్కుంటున్నాను. ఉండలు కడుతున్నది. ఊరిబిండి పచ్చడి రోటిలో నూరుకున్నాను, ఉప్పు ఎక్కువైంది. గిన్నె ఎందుకు మానిపించానో అది కూడా కింద రాస్తాను.

బాషాకు జబ్బు ఎలా ఉందని అడిగావు. నేనే పోయిన ఉత్తరంలో అతనికి దప్పిక రోగం వచ్చిందని రాశాను కదా. అతనికి ఏ జబ్బూ లేదు. అక్కడి నుంచే నాకు అంతా తికమక అయిపోయింది. నీకు తెలిసిన సంగతులు కూడా మొదటి నుంచి రాస్తాను. వరసగా రాస్తే నాకైనా అర్థమవుతుందేమో చూస్తాను.

నేను పని నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్న కొత్తలో, నువ్వు అమీర్ బాషా ఇంటికి కాజాలు కుట్టడానికి పోయేదానివి. బాషా వసారాలో మిషను తొక్కేవాడు. నువ్వు తెర వెనక అతని భార్య ఖైరున్నీసమ్మతో కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేదానివి. ఒకరోజు నిన్ను పిలవడానికి వచ్చి, వసారాలో చదరంగం పట పరిచి ఉండటం చూశాను. కత్తిరించిన గుడ్డముక్కలతో కుట్టిన పట అది, ఎర్ర గళ్ళు, నల్ల గళ్ళు. ఒక ఏనుగు ఎక్కడో పోతే దాని చోట దారపు కండె నిలబెట్టారు. నేను చూస్తూ నిలబడ్డాను. బాషా, "ఆడతావా అప్పా?" అన్నాడు. కాలువ క్యాంపులో మేస్త్రీ దగ్గర నేర్చుకున్నానని చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు. కూర్చున్నాను.

ఈ ఆట నాకెందుకు ఇష్టమో నీకెప్పుడూ చెప్పలేదు. నాకు మనుషుల పక్కన కూర్చోవాలని ఉంటుంది. కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడాలి. ఏం మాట్లాడాలో నాకు తోచదు. చదరంగంలో ఆ బాధ లేదు. పొద్దు వాలే దాకా ఒక మనిషి ఎదురుగా కూర్చోవచ్చు. మాట్లాడకపోతే ఆలోచిస్తున్నాడు అనుకుంటారు. కాలువలో ఒక తూము ఎత్తితే ఆ నీళ్ళు ఏ మడికి పోతాయో ముందే చూసుకోవాలి. ఇక్కడా అంతే. ఒక బంటును జరిపితే ఎక్కడో మూలనున్న శకటుకు దారి పడుతుంది. అది కనపడినప్పుడు ఒళ్ళు జల్లుమంటుంది.

కష్టం కూడా ఉంది. నా ఎత్తు నాకు కనపడుతుంది. ఎదుటివాడికి కూడా ఒక ఆలోచన ఉంటుందని మాత్రం మరిచిపోతాను. నేను ఇట్లా చేస్తాను, తర్వాత ఇట్లా చేస్తాను అని లెక్క వేసుకుంటాను. మధ్యలో అతను కూడా ఏదో చేస్తాడు కదా. అది తోచదు. ఇన్నేళ్ళయినా నాకు అది రాలేదు.

పొద్దు పోతే ఆట ఆపి, పట మీద గంప బోర్లించి, రాయి పెట్టి ఇంటికి వచ్చేవాణ్ణి. మరుసటి సాయంత్రం గంప ఎత్తి అక్కడి నుంచి ఆడేవాళ్ళం. ఒక్కొక్క ఆట వారమైనా సాగేది. సంగటి తినేటప్పుడు నేను నీకు చెప్పేవాణ్ణి, రేపు గుర్రాన్ని ఇటు దూకిస్తాను, బాషా దాన్ని కొట్టడానికి వస్తాడు, అప్పుడు మంత్రిని దించుతాను అని. నువ్వు చెయ్యి ఆపి, "ఆ తర్వాత?" అని అడిగేదానివి. నాకు శానా సంతోషంగా ఉండేది. కాలువ మీద నలభై మంది కూలీలతో తిరిగినా నన్ను 'ఆ తర్వాత' అని అడిగినవాళ్ళు లేరు.

మరుసటి రోజు పోతే బాషా సరిగ్గా ఆ గుర్రం దూకే చోట బంటును కాపు పెట్టేవాడు. ఓడిపోయేవాణ్ణి. బాషా గడ్డం దువ్వుకుంటూ పటను చూస్తుంటే, నా బుర్రలోకి తొంగి చూస్తున్నట్టు ఉండేది. ఎంత పెద్ద బుర్ర ఈ మనిషిదని భయపడేవాణ్ణి. మధ్య మధ్యలో, "నీళ్ళు తాగొస్తా అప్పా," అని లోపలికి పోయి వచ్చేవాడు. రాగానే ఎత్తు వేసేవాడు.

నువ్వు రూతమ్మ కాన్పుకని పులివెందుల బస్సెక్కినాక నేను మళ్ళీ గెలవడం మొదలైంది. ఒక ఆట గెలిచాను. ఏదో పొరపాటున గెలిచాననుకున్నాను. మళ్ళీ గెలిచాను. బాషా నీళ్ళకు లేవడం ఎక్కువైంది. కూర్చుంటే లేస్తాడు, లేస్తే తొందరగా రాడు. వచ్చినాక కూడా చెయ్యి బంటు మీద పెట్టి తీస్తాడు. మొహం వాడిపోయింది. నాకు భయమేసింది. దప్పిక ఎక్కువైతే లోపల చక్కెర రోగం ఉన్నట్టని కాలువ మీద ఓవర్సీరుకు వచ్చినప్పుడు విన్నాను. ఆ మాటే అతనికి చెప్పాను. అతను వద్దు వద్దంటున్నా వినకుండా జమ్మలమడుగు ఆసుపత్రికి బస్సులో తీసుకుపోయాను. నేనొక మనిషిని అట్లా బలవంతం చేయడం అదే మొదలు.

డాక్టరు, "ఏం బాధ?" అని అడిగాడు. బాషా తల వంచుకున్నాడు. నేనే చెప్పాను.

"శానా దప్పిక సారూ. కూర్చున్నోడు కూర్చున్నట్టే లేచి నీళ్ళకు పోతాడు."

"పొద్దున కూడా ఉంటుందా?"

బాషా లేదన్నాడు.

"రాత్రి?"

"లేదు సార్."

"మరి ఎప్పుడు?"

"చదరంగం ఆడేటప్పుడు సార్," అన్నాను నేను.

డాక్టరు కలం కింద పెట్టాడు. బాషాను చూశాడు, నన్ను చూశాడు. "గెలుస్తాడా?" అని అడిగాడు.

"ఇంతకుముందు గెలిచేవాడు సార్. ఇప్పుడు దప్పిక ఎక్కువై ఓడిపోతాండాడు."

నాలుక చూశాడు, కడుపు నొక్కాడు, మూత్రం పరీక్ష చేయించాడు. ఏమీ లేదన్నాడు. "దీనికి మా దగ్గర మందు లేదు పెద్దాయనా. నీళ్ళు పక్కన పెట్టుకుని ఆడుకోండి," అన్నాడు. నర్సమ్మ మొహం అటు తిప్పుకుంది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

బస్సు కోసం నిలబడి ఉంటే ఒక అంగట్లో మట్టి కూజాలు కనపడ్డాయి. మంచి కూజా కొందామన్నాను.

"ఎందుకప్పా?" అన్నాడు బాషా.

"పట పక్కన పెట్టుకుందువు. డాక్టరు చెప్పినాడు గదా."

"వద్దులే."

"లోపలికి పోయే పని లేకుండా ఉంటాది."

"కూజా వద్దంటాండా గదప్పా. నేను నీళ్ళకు పోవడంల్యా."

"మరి దేనికి పోతాండావు?"

బాషా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అడిగేదానికి పోతాండా. ఖైరున్నీసాను. ఏ ఎత్తు వెయ్యాలని."

నాకు అర్థం కాలేదు. అతను మళ్ళీ చెప్పాడు. "ఆడేది ఆమె. జరిపేది నేను. పెండ్లయిన కొత్తలో సరదాకు నేర్పిచ్చినా. తెర సందులో నుంచి పట అంతా కనపడతాది ఆమెకు. నువ్వు వచ్చిన కొత్తలో నన్ను వరసబెట్టి ఓడిస్తాంటివి. ఒకనాడు తట్టుకోలేక లోపలికి పోయినా. 'ఒంటెను ఎనక్కి తీయి' అనింది. తీసినా. నీ మొగం మాడిపాయ. ఇంగ నాకు ఆ రుచి మరిగింది."

నేను శకటు అనేదాన్ని అతను ఒంటె అంటాడు. ఆ ఒంటె ఏ ఆటలోదో గుర్తు తెచ్చుకుంటూ నిలబడ్డాను. బస్సు వచ్చింది. ఎక్కాం. దారిలో అడిగాను, "ఇప్పుడెందుకు ఓడిపోతాండావు మరి? ఆమెకు బాగలేదా?"

"బాగానే ఉంది. నీ ఎత్తు తెలీడంల్యా అంటాంది. అది నువ్వు ఆమెనే అడుగు. నన్ను అడగొద్దు," అన్నాడు. ఊరు చేరే దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు.

నాకు కోపం రాలేదు సంతోషమ్మా. తికమకగా ఉంది, అంతే. ఇన్నేళ్ళు నేను ఎదురుగా చూసింది బాషా మొహాన్ని. భయపడింది అతని గడ్డాన్ని చూసి. ఆలోచన తెర వెనక ఉంది. మరి నా స్నేహం ఎవరితో? మిషను ఆపి, నా కోసం చాప దులిపి వేసిన బాషాతోనా, మొహం కూడా సరిగా ఎరగని ఖైరున్నీసమ్మతోనా? ఇంటికి వచ్చి ఎంత ఆలోచించినా తేలలేదు.

మరుసటి సాయంత్రం పోయాను. ఆడవాళ్ళతో మాట్లాడటం నాకు చేతకాదు, అందులో తెర వెనక మనిషితో. దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను. చాప మీద కూర్చుని తెర వైపు తిరిగి, "అమ్మా, ఆట నీదని తెలిసింది. మంచి ఆట. నేను అనుకునేలోపల నా ఎత్తు నీకు కనపడేది," అన్నాను. కూర్చుకున్న మాటల్లో ఇంకా ఉన్నాయి గానీ రాలేదు.

బాషా మిషను మీద చెయ్యి పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"ఆ మెప్పు నాకొద్దు అన్నా," అనింది ఆమె. "నీ ఎత్తు నాకు యాడ కనపడింది? వొదిన చెప్పేది."

"ఏ వొదిన?" అన్నాను.

"మా సంతోషమ్మ వొదిన. పొద్దున కాజాలు కుట్టేటప్పుడు. మా ఆయప్ప ఈ దినం గుర్రాన్ని దూకిస్తాడంట, మంత్రిని దించుతాడంట అని. నేను కాపు పెట్టేదాన్ని. వొదిన ఊరికి పోయినాక నాకు చీకట్లో ఆడినట్టుంది."

నేను లేచి వచ్చేశాను. గొడుగు అక్కడే మరిచిపోయాను. వాన పడుతున్నదని ఇంటికి వచ్చినాక తెలిసింది.

ఇప్పుడు ఆలస్యం సంగతి రాస్తాను. నీ ఉత్తరం ఆ మరుసటి రోజే వచ్చింది. చదివి గూట్లో పెట్టాను. జవాబు రాయకూడదనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. రాయకూడదనుకున్నది ఓడిపోయినందుకు కాదు. ఓడటం నాకు అలవాటే. నువ్వు చెయ్యి ఆపి 'ఆ తర్వాత' అని అడిగేదానివి కదా, అది నా కోసం అనుకున్నాను. అది ఖైరున్నీసమ్మ కోసమని తెలిసింది. మన పెళ్ళయినప్పటి నుంచి నేను నీతో కాస్త ఎక్కువగా మాట్లాడింది ఈ ఆట గురించే. అదొక్కటీ అక్కడికి పోయేదే అయితే ఇక్కడ నాకు ఏం మిగిలింది? మీరిద్దరూ సూదిలో దారం ఎక్కించుకుంటూ నన్ను చెప్పుకుని నవ్వుకునేవాళ్ళేమో అనిపించింది. బాషా ఇంటి గిన్నె వద్దని చెప్పి పంపాను. సాయంత్రాలు ఇంట్లోనే కూర్చున్నాను. ఒకరోజు మేత గాడి దగ్గర కూర్చుని, ఆగిపోయిన ఆటలో ఏం చేయాలో బర్రెకు చెప్పాను. అది నెమరు వేస్తూ విన్నది. ఏమీ అడగలేదు.

తర్వాత బాషా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏందప్పా, పెండ్లికూతురు మాదిరి ఇంట్లో దాక్కున్నావు?"

"మోకాలు నొప్పి," అన్నాను.

"ఏ మోకాలు?"

కుడిది పట్టుకున్నాను.

"ఎప్పుడూ ఎడమది గదప్పా పట్టుకునేది? అబద్ధం చెప్పేదానికైనా అలవాటుండాల. నీకు ఆట ఎట్లొస్తుందో గానీ, ఇది మాత్రం రాదు." లోపలికి వచ్చి పొయ్యి దగ్గర గిన్నె మూత తీశాడు. "ఇది సంగటా, సున్నమా? రాప్పా, గొడుగు తీసుకుందువు రా."

"గొడుగు నువ్వే తేవాల్సింది."

"తెస్తే నువ్వు వస్తావా?"

పోయాను. గంప ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, రాయి కూడా. అతను ఎత్తలేదు. చాప మీద కూర్చున్నాను. తెర వెనక గాజులు కదిలాయి. ఏం అడగాలో నాకు తెలుసు. ఒక్క మాటే.

"ఎందుకమ్మా?" అన్నాను.

"నేనూ వొదినను అదే అడిగినా అన్నా," అనింది ఖైరున్నీసమ్మ. "ఇట్లా అన్నీ చెప్తాండావే, మీ ఆయప్ప ఓడిపోడా అని. ఓడిపోనీలే అనింది. గెలిచిన దినం నువ్వు ఇంటికొచ్చి తిని, చెయ్యి కడుక్కోని పండుకుంటావంట. పలకరించినా పలకవంట. ఓడిన దినం మటుకు సంగటి తట్ట ముందర కూర్చోని రేపు అట్లా చేస్తా, ఇట్లా చేస్తా అని చెయ్యి ఎండిపోయేదాకా చెప్తావంట. 'ఆ దినమే నాకు ఇంట్లో ఇంగో మనిషి ఉన్నట్టుంటాది ఖైరమ్మా, తొందరగా గెలవనియ్యొద్దు' అనింది."

బాషా, "మా ఇంట్లో గెలిచినా ఓడినా మాట్లాడేది ఈమే. నాకా బాధ లేదు," అన్నాడు.

"నువ్వు ఊరుకో," అనింది ఆమె లోపల నుంచి. మళ్ళీ నాతో, "నాకూ ఒక దిగులుందన్నా. ఇన్నేండ్లు గెలిచింది నేనా, వొదిన చెప్పిన మాటా? నాకే తెలీడంల్యా. వొదిన వచ్చినాక ఒక్క ఆట ఆడదాం. వొదిన ఈడే కూర్చోనీ, ఏమీ చెప్పకుండా. నేనే ఎత్తు చెప్తా, మా ఆయప్ప నీళ్ళకు లేయకుండా అట్లనే జరుపుతాడు. వస్తావా?" అని అడిగింది.

నేను తల ఊపాను. తెర వెనక నుంచి చూసిందో లేదో తెలియదు. బాషా, "ఊపినాడు," అన్నాడు. గొడుగు తీసుకుని వచ్చేశాను.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పగలంతా అదే ఆలోచన. గెలిచిన రోజు నేను మాట్లాడనా? నాకు తెలియదు సంతోషమ్మా. గెలిస్తే ఇక చెప్పడానికేముంది, అయిపోయింది కదా అనుకునేవాణ్ణి. నువ్వు పలకరించిన గుర్తు కూడా నాకు లేదు. దీనికి నేను కోపం తెచ్చుకోవాలా, సంతోషపడాలా? ఒక పూట ఇదీ, ఒక పూట అదీ అవుతున్నది. నన్ను ఓడించమని చెప్పిన ఆడదానివి నువ్వు. నా మాట వినాలని ఓడించమన్నదానివీ నువ్వే. ఇవి రెండూ ఒక మనిషిలో ఎట్లా పట్టాయో నాకు అందలేదు. పటకు అవతల ఉన్నవాళ్ళకు కూడా ఒక ఆలోచన ఉంటుందని మరిచిపోతానని పైన రాశాను. ఇంట్లో కూడా మరిచిపోయినట్టున్నాను.

నిన్న నీ ఉత్తరం గూట్లో నుంచి తీసి మళ్ళీ చదివాను. చివర, సంతకం కింద, చోటు చాలక పక్కకు తిప్పి రాసిన మాట ఒకటి ఉంది. మొదటిసారి దాన్ని నేను సరిగా చూడలేదు. 'కండె ఏనుగు ముందరి బంటును వదిలేసి దారి తీస్తానంటివి, తీసినావా? బాషా ఏం చేసినాడు?' అని అడిగావు.

అది నువ్వు బస్సెక్కే ముందు రోజు సాయంత్రం చెప్పిన ఎత్తు. మరుసటి పొద్దున నువ్వు ఎర్రగుంట్ల పోయి బస్సు మారాలని తొందరలో ఉన్నావు. బాషా ఇంటికి పోలేదు. అంటే అది నువ్వు ఎవరికీ చెప్పలేదు. పులివెందులలో ఖైరున్నీసమ్మ లేదు. రూతమ్మకు బంటుకూ గుర్రానికీ తేడా తెలియదు. అల్లుడికి బడి పని తప్ప వేరే ధ్యాస లేదు. మరి నువ్వు ఎవరికి చెప్పడానికి అడిగావు? పసిబిడ్డ, బాలింత, నీళ్ళ కాగు, ఇన్ని పనుల మధ్య కూర్చుని, చోటు లేని కాగితం తిప్పి మరీ అడిగావు. దీన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏం అనుకోవాలో భయంగా కూడా ఉంది. నువ్వే చెప్పాలి.

నీ ప్రశ్నకు జవాబు. తీశాను. బంటును బాషా కొట్టాడు. ఏనుగు ఆ దారిలో కిందికి దిగింది. అతని మంత్రి రెండో పక్కన ఉండిపోయింది, వెనక్కి రాలేకపోయింది. ఆట కట్టు. నువ్వు పోయినాక నేను గెలిచిన మొదటి ఆట అదే. ఇంటికి వచ్చి తట్ట ముందర కూర్చున్నాను. చెప్పాలని ఆ రోజు నాకూ ఉండింది. ఇంట్లో ఎవరూ లేరు.

ఇప్పుడు గంప కింద ఉన్న ఆటలో ఏం చేయబోతున్నానో కూడా రాస్తాను. మన వైపు ఆటలో రాజు మీదికి ఎవరూ రాకముందు, ఒకే ఒక్కసారి రాజు గుర్రం మాదిరి దూకవచ్చు. ఒకసారి ఎవరైనా రాజు మీదికి వచ్చారంటే ఆ హక్కు పోతుంది. నేను ఎప్పుడూ దాన్ని దాచుకుంటాను. ఇంకా అవసరం రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటూ ఉంటాను. ఈసారి ముందే దూకించి రాజును ఏనుగు వెనక పెడతాను. అప్పుడు మంత్రికి కాపలా పని తప్పుతుంది, బయటికి పోవచ్చు. ఖైరున్నీసమ్మ మంత్రిని చూస్తుంది గానీ, నల్ల గడిలో ఉన్న శకటును చూడదని అనుకుంటున్నాను. ఇది తప్పో ఒప్పో తెలియదు. నువ్వు వచ్చినాక ఆమెకు చెప్పాలనిపిస్తే చెప్పు. నేను నిన్ను వద్దనను. నీకు చెప్పకుండా మాత్రం ఆడలేను. ప్రయత్నం చేసి చూశాను.

అల్లుణ్ణి అడిగి ఏ రోజు బయలుదేరేదీ కార్డు రాయించు. బిడ్డ మెడ నిలిచి, రూతమ్మ లేచి తిరిగినాకే బయలుదేరు, తొందరపడవద్దు. చలి మొదలైంది, తొండూరు దాటేదాకా బస్సులో గాలి కొడుతుంది, దుప్పటి కప్పుకో. పిల్లలకు నా ముద్దులు. రూతమ్మకు ఈ ఉత్తరం చూపించవద్దు.

బస్సు దగ్గర నేను ఉంటాను. మూట నేను ఎత్తుకుంటాను. ఎప్పుడూ నేను ముందు పోతాను, నువ్వు నా వెనక నడిచి వస్తావు. ఈసారి వెనక రావద్దు. నేను దారిలోనే మొదలుపెడతాను, ఇంటికి పోయి సంగటి ముందర కూర్చునే దాకా ఆగలేను. వెనక వస్తే నీకు వినపడదు. పక్కన నడువు. చూసేవాళ్ళు చూడనీ.

ఇట్లు,
గెలిచిన రోజు కూడా చెబుతానని మాట ఇస్తున్న,
రూతమ్మ నాయన,
దేవపాలు.